మురుగు కాలువకు అడ్డంగా మూడడుగుల గోడ: పర్మిషన్ కావాలా, అక్కర్లేదా?

దాళ్వా రైతు (నరసాపురం వైపు)

అందరికీ నమస్కారం అండి. మా పొలాల పక్క నుంచి ఒక చిన్న మురుగు కాలువ పోయి పెద్ద డ్రెయిన్‌లో కలుస్తుంది. ఫిబ్రవరి దాటాక పంట కాలువకి వంతులు పెడతారు. మాది శివారు ఆయకట్టు కావడంతో దాళ్వాకి (రబీ వరికి) చివరి తడులు అందవు. అప్పుడు ఈ డ్రెయిన్‌లో నీళ్లే ఇంజన్లు పెట్టి తోడుకుంటాం. కానీ పోటు సమయంలో ఉప్పునీరు పైకి ఎగదన్నుతోంది. ఆ నీళ్లు ఒక్కసారి పెట్టామా, చేను ఎర్రబడిపోతుంది.

ఏటా మట్టితో క్రాస్‌బండ్ (అడ్డుకట్ట) వేస్తున్నాం, వానల ముందు తీస్తున్నాం. ఖర్చు దండగ. అందుకని రైతులందరం చందాలు వేసుకుని మూడడుగుల ఎత్తున కాంక్రీట్ గోడ కట్టేద్దాం అనుకుంటున్నాం. దాని పక్కనే గట్టు కోసుకుపోతున్న చోట రాయి కూడా పేర్పిద్దామని ఉంది. ఊళ్లో ఒకాయన, "ఐదడుగుల లోపు కట్టకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, డ్యాముల చట్టం మీకు వర్తించదు" అని ఖాయంగా చెబుతున్నాడు. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. కట్టాక కూలగొట్టించుకునే ఓపిక మాకు లేదు.

రిటైర్డ్ డీఈ, డ్రెయిన్లు

ఐదడుగుల రూలు మన దగ్గర ఎక్కడా లేదండి. ఆయనెవరో ఒక చట్టంలోది ఇంకో చోట అతికిస్తున్నారు. చట్టం సంగతి లాయర్లు చూసుకుంటారు, నేను నీటి సంగతి చెబుతాను.

మీ డ్రెయిన్ వాలు కిలోమీటరుకు పది సెంటీమీటర్లు అనుకోండి. డెల్టాలో అదేమీ వింత కాదు. మూడడుగులంటే తొంభై సెంటీమీటర్లు. గోడ నిండా నీరు నిలిస్తే దాని ఒత్తు తొమ్మిది కిలోమీటర్ల ఎగువ దాకా పోతుంది. అదే గోడ రంపచోడవరం పైన, యాభై అడుగులకు అడుగు వాలున్న కొండవాగులో కట్టారనుకోండి, వెనక నీరు నిలిచేది నూట యాభై అడుగులు. కొండలో అది వాగుకు పెట్టిన మెట్టు మాత్రమే. మన దగ్గర అదే గోడ రెండు మూడు ఊళ్ల మురుగును ఆపేస్తుంది. కాబట్టి ఎత్తు చూసి చిన్నదా పెద్దదా అని తేల్చడం డెల్టాలో కుదరదు. నా సర్వీసంతా ఈ ఒక్క విషయం చెప్పడానికే సరిపోయింది, ఎవరూ వినలేదనుకోండి.

ఇక క్రాస్‌బండ్ల సంగతి. దాళ్వాకి నీరు చాలని ఏడాది డ్రెయిన్లకు తాత్కాలికంగా మట్టికట్టలు వేసి తోడుకోనివ్వడం డిపార్ట్‌మెంటే చేస్తుంది. తప్పేం లేదు. చిక్కంతా తీసేటప్పుడే వస్తుంది. పైపైన గండి కొట్టి "తీసేశాం" అంటారు. అడుగున రెండడుగుల మట్టి అలాగే ఉండిపోతుంది. దాని మీద పూడిక, పూడిక మీద కిక్కిస, ఆగస్టుకల్లా గుర్రపుడెక్క వచ్చి దానికి ఆనుకుంటుంది. మీరు మట్టికట్టకి పెట్టే ఖర్చు దండగ అన్నారు. నిజం చెప్పాలంటే, తీసెయ్యగలగడమే దానిలో ఉన్న ఏకైక మంచి గుణం.

మీ కాలువలో ఎగువన ఎన్ని బోదెలు (పిల్లకాలువలు) కలుస్తున్నాయి? ఎన్ని ఊళ్ల మురుగు దిగుతోంది? అది చెబితే మిగతాది మాట్లాడుకుందాం.

చెరువు గట్టు (భీమవరం)

చర్చ మొదలైంది కదా, కాసేపటికి రొయ్యల చెరువులవాళ్లే డ్రెయిన్లు మూసేశారని వస్తుంది. ముందే చెబుతున్నా. డ్రెయిన్ గట్టు తవ్వి చెరువులో కలుపుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ వరి రైతు వేసే క్రాస్‌బండ్ మంచిది, చెరువు రైతు వేసే తూము చెడ్డది అంటే ఎలా? నీటికి తెలుస్తుందా ఎవరిదో?

ఉప్పునీరు పైకి రావడం మాకూ సమస్యేనండి. వనామీ రొయ్యకి ఉప్పదనం ఎక్కువైనా తక్కువైనా కష్టమే.

కోర్టు గుమ్మం (కాకినాడ)

వృత్తిరీత్యా వకీలుని. ఉచిత సలహా కాబట్టి ఆ విలువే ఇవ్వండి.

ఊళ్లో ఆయన చెప్పింది 2021 నాటి ఆనకట్టల భద్రత చట్టం గురించి అయ్యుంటుంది. ఆ చట్టం కిందికి వచ్చేవి పదిహేను మీటర్లకు మించిన ఆనకట్టలు. పది నుంచి పదిహేను మీటర్ల మధ్యవి అయితే పొడవు, నిల్వ, వరద ప్రవాహం లాంటి షరతులు చూస్తారు. మూడడుగుల గోడ దాని దరిదాపుల్లోకి రాదు. ఇంకో సంగతి, వరద గట్లు, గైడ్ బండ్లు (ప్రవాహాన్ని దారిలో పెట్టే గట్లు) అసలు ఆనకట్టలే కావని ఆ చట్టమే పక్కన పెట్టింది. మన ఏటిగట్లు ఎంత పొడవున్నా దాని కిందికి రావు.

అయితే ఇక్కడే అందరూ పొరబడతారు. భద్రత చట్టం వర్తించదు అంటే ఆ గోడను ఏటా తనిఖీ చేయడానికి ఎవరూ రారు అని మాత్రమే. ప్రభుత్వ డ్రెయిన్‌లో గోడ కట్టుకునే హక్కు వచ్చేసినట్టు కాదు. డ్రెయిన్ గర్భం ప్రభుత్వానిది, దాని నిర్వహణ జలవనరుల శాఖది. 1968లోనే కృష్ణా, గోదావరి డెల్టాలకు ప్రత్యేకంగా డ్రెయినేజీ సెస్ చట్టమే తెచ్చారు. మీ తాతలు ఆ సెస్ కట్టారు. ఆ డబ్బుతో బాగుచేసిన కాలువకు మీరు అడ్డం కడతానంటున్నారు.

పర్యావరణ అనుమతి సంగతీ అంతే. 2006 నోటిఫికేషన్ పెద్ద నదీలోయ పథకాలకు సంబంధించినది, మీ గోడకు అక్కర్లేదు. దానికి 2016లో, మళ్లీ 2020లో కలిపిన మినహాయింపుల జాబితా ఒకటుంది. వరద తర్వాత పొలంలో పడ్డ ఇసుక మేటలు రైతు తీసుకోవడం, ఊరి అవసరానికి మట్టి తవ్వుకోవడం, కాలువల పూడికతీత, ఉపాధి హామీలో చెరువులు, గట్ల పనులు అందులో ఉన్నాయి. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ జాబితా నుంచి రోడ్లు, పైపులైన్ల కోసం మట్టి తవ్వుకునే అంశాన్ని కొట్టేసింది. రైతులకు సంబంధించినవి అలాగే ఉన్నాయి. అయితే అవన్నీ మట్టి, ఇసుక తీసుకోవడానికి ఇచ్చిన మినహాయింపులు. నీటికి అడ్డం కట్టడానికి ఇచ్చినవి కావు.

మీ దగ్గరికి పోటు నీరు వస్తోందన్నారు కాబట్టి తీర ప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు కూడా చూసుకోవాలి. ఎండాకాలంలో నీటి ఉప్పదనం లీటరుకు అయిదు గ్రాముల దాకా ఉన్నంత మేర ఏరైనా కాలువైనా దాని కింద లెక్కే. అక్కడ గట్లు కట్టడం మామూలుగా నిషేధం. ఉప్పునీటిని ఆపే కట్టడాలకు, పోటును అదుపు చేసే రెగ్యులేటర్లకు, కోత నివారణ పనులకు మాత్రం దారి ఉంచారు. దారి ఉంది అంటే అడగకుండా నడవొచ్చని కాదు.

దాళ్వా రైతు

వకీలు గారూ, చదువుతుంటేనే టెన్షన్ వచ్చేసింది. మూడడుగుల గోడకి ఇన్ని ఆఫీసులా?

కోర్టు గుమ్మం

అన్నీ కాదండి. మీకు అసలు కావాల్సింది ఒకటే, డ్రెయిన్ ఎవరి అధీనంలో ఉందో ఆ ఇంజనీరు రాతపూర్వక అనుమతి. మిగతావి వాళ్లే చెబుతారు. అది లేకపోతే ఎగువ రైతు ఒక్కడు కోర్టుకెళ్లినా మీ గోడ నిలవదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పొరుగు నేల మీది హక్కుల) చట్టం ఏడో సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంటుంది. పై పొలంలో పుట్టిన నీరు, పడిన వాన సహజంగా కింది పొలంలోకి దిగనివ్వాలి, అది పైవాడి హక్కు అని. మీ పొలాన్ని వరద నుంచి కాపాడుకోవచ్చు, కానీ ఆ పేరుతో పక్కవాడి పొలాన్ని చెరువు చేయకూడదు.

శాక్రమెంటోలో అమలాపురం

ఇక్కడ కాలిఫోర్నియాలో ఎలా ఉందో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. ఆరడుగులు, అంతకంటే తక్కువ ఎత్తున్న కట్ట వెనక ఎంత నీరున్నా సరే, పదిహేను ఎకరపు అడుగులకు (ఎకరం మేర అడుగు లోతు నీరు ఒక ఎకరపు అడుగు) మించి నీరు నిలవని కట్ట ఎంత ఎత్తున్నా సరే, రాష్ట్ర డ్యాం భద్రత విభాగం పట్టించుకోదు. స్పష్టంగా అంకెలు రాసి పెట్టారు. మన దగ్గర కూడా ఇలా ఒక అంకె ఉంటే రైతు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది కదా?

ఫెడరల్ (కేంద్ర) స్వచ్ఛ జల చట్టంలో కూడా వ్యవసాయ చెరువులకు, సాగునీటి కాలువలకు, ఈమధ్యే దెబ్బతిన్న గట్లనీ చిన్న డ్యాములనీ పాత కొలతల ప్రకారం బాగుచేసుకోవడానికి మినహాయింపు ఉంది. 1954లో చిన్న వాగుల వరద నివారణకని ఒక చట్టం తెచ్చి, దానితోనూ అలాంటి ఇతర పథకాలతోనూ కలిపి ఊరూరా పదకొండు వేలకు పైగా చిన్న డ్యాములు కట్టించారు. ఎక్కువ భాగం రైతుల భూముల్లోనే.

రిటైర్డ్ డీఈ, డ్రెయిన్లు

బాబూ, ఆ ఆరడుగుల కట్టలు కట్టే చోట వాలు ఎంత? మీ శాక్రమెంటో డెల్టాలో గట్ల లోపలి భూములు సముద్రమట్టం కంటే కిందికి దిగిపోయి ఉంటాయి కదా. అక్కడ మధ్యలో ఒక పాయకు అడ్డంగా ఆరడుగుల గోడ అడగకుండా కట్టనిస్తారా? కనుక్కుని చెప్పండి. మీరు చెప్పిన ఆ చిన్న డ్యాముల్లో చాలా వాటికి యాభై ఏళ్ల ఆయుష్షు లెక్కగట్టారు. ఆ గడువు తీరిపోయాక బాగుచేసే డబ్బెవరిది అన్నది అక్కడా తగువే.

శాక్రమెంటోలో అమలాపురం

నిజమే బాబాయ్ గారూ, వాగులో, ఏట్లో చేయి పెట్టాలంటే ఇక్కడ చేపలు, వన్యప్రాణుల శాఖతో వేరే ఒప్పందం చేసుకోవాలి. డ్యాం విభాగం మినహాయించినా వాళ్లు మినహాయించరు. ఒక్క ఏర్పాటు మాత్రం నాకు నచ్చింది. అత్యవసరమైతే, అంటే గట్టు తెగిపోతుంటే, ముందు పని మొదలుపెట్టేసి పద్నాలుగు రోజుల్లోగా చెబితే చాలు.

లంక మనిషి (పి.గన్నవరం)

పద్నాలుగు రోజులా! మాకు పద్నాలుగు గంటలు ఇస్తే చాలు, ఆయ్.

ధవళేశ్వరంలో 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేసేసరికి మా వైపు దారులు మునుగుతాయి. కనకాయలంక కాజ్‌వే, ఎదురుబిడియం కాజ్‌వే, ప్రతి ఏడూ టీవీలో చూస్తారు కదా. 2022 జూలైలో సుమారు పాతిక లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. జూలైలో అంత వరద మా పెద్దలు కూడా ఎరగరు. 1986లో ముప్పయ్యయిదు లక్షలు వచ్చింది కానీ అది ఆగస్టు. ఆ జూలైలో గట్టు జారుతున్న చోట ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు, కొబ్బరి మొద్దులు ఏది దొరికితే అది వేశాం. పర్మిషన్ ఎవర్ని అడుగుతాం?

మా బాధ అడ్డుకట్టల గురించి కాదండి, కోత గురించి. అరటి, కంద, కొబ్బరి ఉన్న నేల ముక్కలు ముక్కలుగా గోదాట్లోకి పోతోంది. పట్టా ఉంది, శిస్తు కట్టాం, నేల లేదు. గ్రోయిన్లు (ఏట్లోకి చొచ్చుకొచ్చే కట్టలు) వేయమని అర్జీలు పెట్టీ పెట్టీ విసుగొచ్చింది. సొంత డబ్బుతో ఒడ్డున రాయి పోసుకుంటామంటే అభ్యంతరం చెబుతున్నారు. మా భూమిని మేం కాపాడుకోవడానికి కూడా మినహాయింపు లేదా? డీఈ గారు ఏం చెబుతారో వినాలని ఉంది.

రిటైర్డ్ డీఈ, డ్రెయిన్లు

లంక బాబుకి కోపం రావడంలో న్యాయం ఉంది. రెండు వేరు వేరు పనులున్నాయి, కలపకండి.

ఒడ్డునే రాయి పేర్చుకోవడం రివిట్‌మెంట్. దానివల్ల అవతలి ఒడ్డుకు నష్టం తక్కువ. గ్రోయిన్ అంటే ఏట్లోకి చొచ్చుకొచ్చే కట్ట. అది ప్రవాహాన్ని తోసేస్తుంది. తోసిన ప్రవాహం ఎక్కడికి పోతుంది? అవతలి లంకకు. మీ గ్రోయిన్ పనిచేసిందంటే ఎదుటివాడి కొబ్బరి చెట్లు పడటం మొదలవుతుంది. పాయ మొత్తానికి ఒకేసారి లెక్కగట్టి వేయాల్సిన పని అది, ఎవరి హద్దుకి వాళ్లు వేసుకునేది కాదు. నది హద్దులుగా ప్రకటించిన చోట గట్లు, కట్టడాలకు రివర్ కన్జర్వేటర్ అనుమతి ఉండాలని 1884 మద్రాసు చట్టం చెప్పింది కూడా అందుకే. పాత చట్టమైనా బుద్ధి ఉన్న చట్టం.

ఇంకోటి గమనించారా? ఏరు పెరిగేటప్పుడు కంటే తగ్గేటప్పుడే ఒడ్డు ఎక్కువగా విరుగుతుంది. నానిన మట్టికి అప్పటిదాకా బయటి నీరే ఆసరా. అది గబగబా దిగిపోతే లోపల నీటి బరువుతో ఒడ్డు నిలువునా జారుతుంది. వరద తగ్గిందని అందరూ ఇళ్లకు పోయాక జరిగేది ఇదే. అందుకే బండరాళ్లు నేరుగా మట్టి మీద పోస్తే లాభం లేదు. కింద కంకర పొరో, ఫిల్టర్ గుడ్డో ఉండాలి, నీరు బయటికి రావాలి, మట్టి రాకూడదు. ఒడ్డు పాదం దగ్గర రాయి ఎక్కువ పడాలి. చాలామంది పైన అందంగా పేర్చి పాదం వదిలేస్తారు.

ఏరు నెమ్మదిగా ఉండే ఒడ్డుల్లో వట్టివేరు, రెల్లు, వెదురు నాటుకోండి. అందుకు ఎవరూ అడ్డం చెప్పరని నా నమ్మకం.

లంక మనిషి

వట్టివేరు ఏరు మలుపులో ఆగదండి. నాటి చూశాం. మీరు చెప్పిన పాదం రాయి మాట మాత్రం నిజం.

ఇంకో సంగతి కూడా రాయండి ఎవరైనా. ఎగువ డ్యాములన్నిటిలో ఒండ్రు ఆగిపోతోంది. పోయిన నేల బదులు కొత్త నేల వేసే మట్టి మా దాకా రావడం లేదు. ఉన్న ఇసుక లారీలెక్కి పోతోంది. అంత పెద్దవాటికి అనుమతులు వచ్చాయి, మా బస్తాలకే రూల్సు.

ఉప్పలగుప్తం కోడలు

చాలాసేపు చదివి ఊరుకున్నాను. దాళ్వా రైతు అన్నయ్య గారూ, మీ గోడకి ఎగువన ఉండేది మాలాంటివాళ్లే, అందుకే రాస్తున్నా.

2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ప్రకటించారు, గుర్తుంది కదా. ధర లేదు, కూలి రేట్లు పెరిగాయి, అవన్నీ ఉన్నాయి. కానీ మా వైపు పెద్ద కారణం ముంపు. నాట్లు వేశాక రెండు రోజులు గట్టి వాన పడితే వారం దాకా నీరు దిగదు. డ్రెయిన్‌లో పూడిక, దిగువన ఎవరో వేసి తీయని కట్ట, చివర సముద్రంలో కలిసే చోట మొగ ఇసుకతో పూడిపోవడం, మూడూ కలిసి వస్తాయి. నారు కుళ్లితే మళ్లీ నారు కొనాలి. మా మామగారు రాత్రిళ్లు టార్చి పట్టుకుని డ్రెయిన్ గట్టు మీద తిరిగేవారు, ఎక్కడ అడ్డం పడిందో చూడటానికి. దిగువవాళ్లతో మాటా మాటా పెరిగి పోలీసుల దాకా వెళ్లింది కూడా.

మీరు దాళ్వాని కాపాడుకోవడానికి కట్టే గోడ జూలైలో మా సార్వాని ముంచుతుంది. మీ లాభం మార్చిలో, మా నష్టం నాలుగు నెలల తర్వాత. అప్పటికి మీ గోడ సంగతి మీకే గుర్తుండదు. "చిన్నదే కదా" అని ప్రతి కిలోమీటరుకీ ఒకరు కడితే? మినహాయింపు అంటే ఒక్కరికి ఇచ్చేది కాదుగా, అందరికీ ఇచ్చినట్టే.

దాళ్వా రైతు

చెల్లెమ్మా, కాదనలేను. మా ఎగువన కూడా రెండు ఊళ్లు ఉన్నాయి. వాళ్లని ఇంకా అడగలేదు. అడిగితే వద్దంటారని తెలిసే అడగలేదు, అది వేరే సంగతి.

చెరువు గట్టు

మొదటిసారి ఈ థ్రెడ్‌లో ఎవరో నిజం చెప్పారు.

పంచాయతీ ఏఈ

ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి పేరు చెప్పను. అనుమతి అడగడమే మంచిదని అందరూ అంటున్నారు, సరే. అడిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. దరఖాస్తు ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి తిరుగుతుంది. ఎస్టిమేట్ లేదంటారు, లెవల్స్ కావాలంటారు, సర్వేయర్ దాళ్వా కోతల సమయానికి వస్తాడు. అప్పటికి అవసరమే తీరిపోతుంది. విసిగిపోయి మనిషి అడగకుండానే కట్టేస్తాడు. అడగకుండా కట్టినది లెక్కల్లో ఉండదు, లెక్కల్లో లేనిది వరదలో ఎవరికీ కనిపించదు. కఠినమైన అనుమతే దొంగ కట్టల్ని పెంచుతోంది.

నన్నడిగితే కొన్నిటికి అనుమతి తీసేసి సమాచారం ఇస్తే చాలు అనాలి. ఉన్న తూమునో గట్టునో అవే కొలతలతో బాగుచేయడం. గండి పడుతుంటే పూడ్చడం, దానికైతే ఎలాగూ విపత్తు నిర్వహణ చట్టం కింద కలెక్టరు దగ్గర అధికారాలు ఉన్నాయి. ఇక మట్టి క్రాస్‌బండ్, అది కూడా వేసిన తేదీ, తీసే తేదీ రాసిచ్చి, తీశాక అడుగు దాకా ఫొటో పెడితే. శాశ్వతంగా, కాంక్రీట్‌తో కట్టేది మాత్రం అంగుళమైనా అనుమతి ఉండాల్సిందే.

రిటైర్డ్ డీఈ, డ్రెయిన్లు

క్రాస్‌బండ్‌కి ఫొటో చాలదు. నీళ్లలో అడుగు కనపడదు. తీసే తేదీకి ముందే తీసే ఖర్చు డిపాజిట్ చేయించాలి. మే నెలాఖరుకి తీయకపోతే ఆ డబ్బుతో డిపార్ట్‌మెంటే పొక్లెయిన్ పెట్టి తీస్తుంది. మిగతాదానికి నేనూ ఒప్పుకుంటా.

కోర్టు గుమ్మం

ఏఈ గారు చెప్పింది వినడానికి బాగుంది. "అవే కొలతలు" అన్న చోట జాగ్రత్త. ప్రతి మరమ్మతుకీ గట్టు అరడుగు లేస్తుంది. పదేళ్లలో పాత గట్టు ఎంతుండేదో చెప్పే మనిషి ఉండడు. లెవల్ రాసి ఉన్న రాయి ఒకటి పాతకుండా ఆ మినహాయింపు ఇస్తే, నాకు కేసులకు కొదవ ఉండదు. కొల్లేరులో ఏమైందో చూశాం. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు) దాకా అభయారణ్యం అన్నారు, 2006లో పొక్లెయిన్లతో చేపల చెరువుల గట్లు కొట్టారు. ఒక్కో గట్టూ మొదట్లో చిన్నదే.

శాక్రమెంటోలో అమలాపురం

ఫెడరల్ చట్టంలోనూ ఈ మెలిక ఉంది. మినహాయింపు కింద మొదలుపెట్టినా, ఆ నీటి చోటును అంతకుముందు లేని వాడుకలోకి తేవడానికి చేసిన పనై, దానివల్ల నీటి ప్రవాహం దెబ్బతినేలా ఉంటే మినహాయింపు పోతుంది, మళ్లీ పర్మిట్ కావాల్సిందే. డీఈ గారు అడిగిన డెల్టా సంగతి కూడా చెబుతాను, అక్కడ పాయకు అడ్డంగా గోడను అడగకుండా ఎవరూ కట్టనివ్వరు.

దాళ్వా రైతు

సరే, గోడ ఆలోచన మానుకున్నాం అనుకోండి. ఉప్పునీరు ఆపడానికి ఇంకేం దారి ఉంది? డీఈ గారు అడిగిన వివరాలు: ఎగువన రెండు ఊళ్ల మురుగు, మూడు బోదెలు కలుస్తాయి. కాలువ అడుగు వెడల్పు పన్నెండు అడుగులు ఉంటుంది. నేల మెత్తటి ఒండ్రు. పోటుకి నీళ్లు మోకాలి లోతు పెరుగుతాయి.

రిటైర్డ్ డీఈ, డ్రెయిన్లు

ఇప్పుడు అసలు సంగతికొచ్చాం. మీకు నీటిని ఆపే గోడ కాదు, ఒకవైపే తెరుచుకునే తలుపు కావాలి. అవుట్‌ఫాల్ స్లూయిజ్‌లకు పెడతారు చూడండి, ఫ్లాప్ షట్టరు. పైనుంచి వేలాడుతుంది. పాటుకి ఎగువ నీరు తోస్తే తెరుచుకుంటుంది, పోటుకి దిగువ నీరు తోస్తే మూసుకుంటుంది. పై ఊళ్ల మురుగు ఆగదు, ఉప్పు రాదు. దాళ్వాకి నీరు నిలపాలంటే దాని ఎగువన గాడులు పెట్టి చెక్క పలకలు దించుకోవచ్చు, మే నెలలో పలకలు తీసేస్తే కాలువ మామూలే.

జాగ్రత్తలు చెబుతాను. తూము అడుగు మట్టం కాలువ అడుగుతో సమానంగా ఉండాలి, అంగుళం పైకి లేచినా అది గోడే. తూము వెడల్పు ఇప్పుడున్న కాలువకు తగ్గకూడదు. పన్నెండడుగుల కాలువకి రెండు హ్యూమ్ పైపులు వేసి సరిపెట్టే కాంట్రాక్టర్లు ఉంటారు, ఒప్పుకోకండి. ఉప్పుగాలికి ఇనుము నాలుగైదేళ్లలో తినేస్తుంది. షట్టర్ సందులో గుర్రపుడెక్క ఇరుక్కుంటే పూర్తిగా మూసుకోదు, కాబట్టి ఎగువన జల్లెడ పెట్టి వారానికోసారి మనిషి తీయాలి.

ఇక మెత్తటి ఒండ్రులో చిన్న గోడలు ఎలా పోతాయో తెలుసా? పైనుంచి పొర్లి కాదు. అడుగున ఊట కట్టి మట్టిని లాక్కుపోతుంది, లేదా రెక్క గోడ పక్కనుంచి కోసుకుని కాలువ దారి మార్చేసుకుంటుంది. మధ్యలో గోడ ఒక్కటే మిగులుతుంది, ఏ నీటికీ సంబంధం లేకుండా. కాబట్టి కింద ఊటను ఆపే కట్-ఆఫ్ గోడ, రెండు పక్కలా గట్టులోకి చొచ్చుకుపోయిన రెక్కలు, దిగువన రాతి పరుపు ఉండాలి. 1852లో కాటన్ దొర ఆనకట్ట నిలబడింది ఇసుక మీదే. దిగువన వెడల్పుగా పరిచిన రాయి దాన్ని కాపాడింది. ఈ పనులన్నీ కలిపితే మీ చందాలకు మించుతుంది. నీటి సంఘం ద్వారా పెట్టించండి, డిపార్ట్‌మెంట్ పనిగా మంజూరు చేయించుకోండి. అప్పుడు అనుమతి గొడవే ఉండదు, మరమ్మతు కూడా వాళ్ల నెత్తినే.

ఉప్పలగుప్తం కోడలు

పలకలు మే నెలలో తీస్తారన్నది ఎవరి మాట మీద? మార్చిలోనే అకాల వాన పడితే? అర్ధరాత్రి పలకలు ఎత్తడానికి ఎవరొస్తారు? లస్కర్లు (కాలువ చూసే సిబ్బంది) లేరుగా ఇప్పుడు, ఉన్న ఒక్కరూ పది కిలోమీటర్లు చూస్తారు.

దాళ్వా రైతు

ఎగువ ఊళ్ల పెద్దలతో ఆదివారం కూర్చుంటున్నాం. పలకల తాళం చెవి ఒకటి మా దగ్గర, ఇంకోటి వాళ్ల దగ్గర ఉంచుదామని అనుకుంటున్నాం. వాన ఎక్కువైందనుకుంటే వాళ్లే వచ్చి ఎత్తేసుకోవచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు. ఆ మాట దరఖాస్తులో కూడా రాస్తాం.

చెరువు గట్టు

తాళం సరే. టేకు పలకలైతే తాళంతో సహా పోతాయి. తాడి పలకలు వేయించండి, ఎవరూ ముట్టుకోరు.

లంక మనిషి

డ్రెయిన్ల సంగతి తేలింది కదా, గ్రోయిన్ల మీద వేరే థ్రెడ్ తెరుస్తున్నా. అవతలి ఒడ్డు వాళ్లు కూడా రండి. తిట్టుకుందాం, కానీ ఒకే చోట.